అశ్వహృదయము



తిరుమల బ్రహ్మోత్సవములను సేవించినవారు ఎఱుగుదురు. ఎనిమిదవ దినమున ఉదయము స్వామి రథము నధిరోహించును. ఆ రాత్రి అశ్వవాహనముపై దర్శన మొసగును. ఈ రెంటిని కలిపి చెప్పవలసి వచ్చినప్పుడు కఠోపనిషత్తులోని తృతీయవల్లి మావంటివారి నోటికి తనంత తానే వచ్చును. శరీరము రథము. జీవుడు అందు కూర్చున్నవాడు. బుద్ధి సారథి, మనస్సు పగ్గము, ఇంద్రియములు గుఱ్ఱములు, విషయములు అవి పరుగెత్తు దారులు. నలువది సంవత్సరములు పాఠశాలలోను వేదికలపైనను ఈ ఉపమానమును మేము చెప్పుచు వచ్చితిమి.

గత మాసమున ఇదే మండపములో ఆ ఘట్టమును ముగించి దిగుచుండగా ఒక యువకుడు వచ్చి నమస్కరించి, "గురువుగారూ! రథమునకు గుఱ్ఱములను పూన్చితిరి. బాగున్నది. పూన్చుటకు ముందు అవి ఎక్కడ నుండెను? వాటికి పగ్గము అలవాటు చేసినదెవరు?" అని అడిగెను. సభలో అందఱును నవ్విరి. మేము నవ్వలేదు. అది అడుగదగిన ప్రశ్న. ఉపనిషత్తు ఆ సంగతి చెప్పలేదు. నాటి శ్రోతల యిండ్ల వద్దనే గుఱ్ఱములుండెను గనుక చెప్పవలసిన పని లేకపోయెను. మనకు ఆ యెఱుక పోయినది. ఉపమానము మిగిలినది, ఉపమానము చూపిన వస్తువు కంటికి దూరమైనది. అందువలన నేడు ఆ వస్తువును గుఱించియే చెప్పదలచితిమి.

మా బాల్యమున మేమెఱిగిన గుఱ్ఱము రైలు స్టేషను వద్ద నిలుచు జట్కా గుఱ్ఱమొక్కటే. దాని కన్నులకు ఇరుప్రక్కల తోలు గంతలుండెడివి. బండివాడు కొరడా కఱ్ఱను తిరుగుచున్న చక్రపు ఆకులకు ఆనించి టకటకమని శబ్దము చేయుచు తోలెడివాడు. గుఱ్ఱము నడచుటకు కారణము ఆ శబ్దమే యనియు, ఆ శబ్దము వెనుకనున్న దెబ్బయే యనియు మేము నిశ్చయించుకొంటిమి. పాఠశాలలో మా గురువులు ఉపయోగించిన బెత్తమును కూడ ఆ దృష్టితోనే చూచితిమి. పిమ్మట మేము గురువులమైనప్పుడు అదే బెత్తము మా చేతికి వచ్చినది. ఆ సంగతి మరల చెప్పెదము.

మచ్చిక లేని గుఱ్ఱమును మచ్చిక చేయుటను మేము కన్నులార చూచినది అమెరికా దేశమున, 2016వ సంవత్సరమున. మా రెండవ కుమార్తె, అల్లుడు కొలరాడో రాష్ట్రమున ఒక చిన్న పట్టణపు శివారున నివసించుచున్నారు. మూడు మాసములు వారి యింట నుంటిమి. వారి పొరుగున మా వయస్సువాడే యగు ఒక కర్షకుడు భార్యను పోగొట్టుకొని ఒంటరిగా నుండెను. మేము చేరిన వారమున అతడు ఒక అడవి గుఱ్ఱమును దత్తత చేసికొని తెచ్చినాడని మా అమ్మాయి చెప్పినది. దత్తత అను మాట వినగానే మాకు నవ్వు వచ్చినది. "నిజమే నాన్నగారూ, ఇక్కడ ఆ మాటే వాడుదురు" అని ఆమె అన్నది.

ఆ దేశపు అడవి గుఱ్ఱముల చరిత్ర కొంత తెలిసికొనవలెను. గుఱ్ఱపు జాతి మొదట పుట్టినది ఆ ఖండముననే యని పండితులు ఎముకలను చూచి నిర్ణయించినారు. కాని సుమారు 10,000 సంవత్సరముల క్రితము అక్కడ అది నశించినది. మరల స్పెయిను దేశస్థులు ఓడలపై తెచ్చిరి. 1519లో కోర్టెస్ అనువాడు మెక్సికో తీరమున దిగినప్పుడు వాని వెంట 16 గుఱ్ఱములుండెనట. అట్లు వచ్చినవాటిలో తప్పించుకొనినవి, వదలివేయబడినవి మందలై పెరిగినవి. వాటిని మస్టాంగు లందురు. యజమాని లేని పశువు అని అర్థమిచ్చు స్పానిషు మాట నుండి ఆ పేరు వచ్చినది. కావున అవి అడవిలో పుట్టినవే గాని వాటి పూర్వులు ఒకప్పుడు మనుష్యుని శాలలో గడ్డి మేసినవే. వేదాంత విచారము చేయువారికి ఈ మాటలో ఏదో తోచును. తోచనిండు, మేము దానిని సాగదీయము.

ఇరువదవ శతాబ్దమున ఈ గుఱ్ఱములను లారీలతోను విమానములతోను తరిమి పట్టి, కుక్కల ఆహారమునకై కబేళాలకు పంపుచుండిరి. 1950లో నెవాడా రాష్ట్రమున వెల్మా జాన్‌స్టన్ అను గృహిణి ఉద్యోగమునకు పోవుచు ముందు పోవుచున్న లారీనుండి నెత్తురు కారుట చూచినది. వెంబడించి చూడగా అందు కిక్కిఱిసిన గుఱ్ఱములుండెను. బాల్యమున పోలియో వలన బాధపడిన స్త్రీ ఆమె. కార్యాలయమున వ్రాతపని చేసికొనునట్టిది. ఆమె బడిపిల్లలచేత శాసనసభ్యులకు ఉత్తరములు వ్రాయించినది. మోటారు వాహనములతో వాటిని వేటాడరాదని 1959లో ఒక చట్టము, ప్రభుత్వ భూములపై వాటిని రక్షింపవలెనని 1971లో వేఱొక చట్టము వచ్చినవి. గోరక్షణ సభలలో ఉపన్యాసములు విని యింటికి పోయి నిద్రించు మనబోంట్లము ఆమెను ఒకసారి తలచుకొనవలెను.

రక్షణ దొరకినందున వాటి సంఖ్య పెరిగినది. వాటిని తిను మృగములు ఆ భూములలో అరుదు. నాలుగైదు సంవత్సరములలో మంద రెట్టింపు కాగలదు. 1971లో గుఱ్ఱములు, గాడిదలు కలిసి సుమారు 25,000 అని లెక్కించిరి. 2024 నాటికి 73,000 దాటినవి. ఆ నేల మోయగలది సుమారు 25,000 మాత్రమేయని ప్రభుత్వము చెప్పుచున్నది. కఱవు వచ్చినచో నీరు లేక అవియే చచ్చును. కావున హెలికాప్టరుతో మందను తోలి దొడ్లలో చేర్తురు. దొడ్డి వాకిట మచ్చికయైన గుఱ్ఱమొకదానిని పట్టుకొని నిలిచి, మంద సమీపింపగానే దానిని వదలుదురు. అది లోపలికి పరుగెత్తును, తక్కినవి దానిని నమ్మి వెంట పోవును. మన దేశమున మచ్చిక ఏనుగులతో అడవి ఏనుగులను పట్టిన విధము వంటిదే. ఇట్లు పట్టిన వాటిలో కొన్నింటిని కోరినవారికి దత్తత నిత్తురు. ఎవరును కోరనివి 60,000 పైబడి ప్రభుత్వపు దొడ్లలోను పచ్చికలలోను ఉన్నవి.

మన ధర్మశాస్త్రము ప్రకారము దత్తతకు ఇచ్చువారు, పుచ్చుకొనువారు ఇద్దఱు నుండవలెను. ఇచ్చువారు కన్నవారు కావలెను. ఈ గుఱ్ఱమునకు ఇచ్చినదెవరు? తల్లిని ఎవరు అడిగిరి? శాస్త్రదృష్టితో చూచినచో ఇది దత్తత కాదనియే మేము మొదట అనుకొంటిమి. కాని నియమములను విన్న తరువాత ఆ మాటను పూర్తిగా కొట్టివేయలేకపోతిమి. ఆ నాడు కనీస రుసుము 125 డాలర్లు. అంతటితో గుఱ్ఱము మనది కాదు. ఒక్కొక్క పశువునకు 400 చదరపు అడుగులకు తక్కువ కాని దొడ్డి, మచ్చిక లేని పెద్ద గుఱ్ఱమైనచో ఆరడుగుల ఎత్తు కంచె, ఎండవానలకు చాటు, నీరు, మేత చూపవలెను. ఒక సంవత్సరము సరిగా పోషించినట్లు ఋజువైన పిమ్మటనే యాజమాన్యపత్రము ఇత్తురు. అంతవరకు అది ప్రభుత్వపు సొత్తే. అనగా పరీక్ష గుఱ్ఱమునకు కాదు, పుచ్చుకొనినవానికి. అశ్వమేధమున శాలలోని గుఱ్ఱమును ఒక సంవత్సరము స్వేచ్ఛగా విడుతురు. ఇక్కడ స్వేచ్ఛగా తిరిగినదానిని తెచ్చి మనుష్యుని ఒక సంవత్సరము కట్టివేయుదురు.

ధనము చేరినచోట ఏ దత్తతయైనను చెడునని మనకు తెలియును. ఆస్తికై దత్తతకు వచ్చినవారిని, ఆస్తి వ్రాయించుకొని ముసలివారిని మఱచినవారిని మన గ్రామములలో చూడలేదా? అక్కడను అట్లే జరిగినది. 2019లో ప్రభుత్వము దత్తత చేసికొనినవారికి ఒక్కొక్క గుఱ్ఱమునకు 1,000 డాలర్లు ఎదురిచ్చు పద్ధతి పెట్టినది. సంవత్సరము గడచి పత్రము చేతికి రాగానే కొందఱు వాటిని సంతలో కబేళా బేరగాండ్రకు అమ్మినట్లు 2021లో పత్రికలు బయటపెట్టినవి. 2025లో న్యాయస్థానము ఆ పద్ధతిని కొట్టివేసినది.

ఇక మా పొరుగువాని గుఱ్ఱము సంగతి. అది నాలుగేండ్ల ఆడుగుఱ్ఱము, బూడిదవన్నెది. వయోమింగు రాష్ట్రపు మెట్టభూములలో పట్టినది. మెడ ఎడమవైపున జూలు క్రింద తెల్లని గుర్తులుండెను. కాల్చిన ఇనుముతో కాదు, మిక్కిలి చల్లార్చిన ఇనుముతో వేసిన ముద్ర అది. అచ్చట వెండ్రుకలు తెల్లగా మొలచి, పుట్టిన సంవత్సరమును సంఖ్యను తెలుపును. అది బండి దిగి దొడ్డిలోనికి దూకిన తీరును మేము మఱువజాలము. నాలుగు మూలలకు పరుగెత్తి, కంచెకు రొమ్ము తగిలించుకొని, చివరకు దూరపు మూలన మన వైపు వీపు పెట్టి నిలిచినది. దాని మూపు వణకుచుండెను.

మూడు దినములు ఆ ముసలివాడు ఏమియు చేయలేదు. ప్రభుత్వపు దొడ్డిలో అది తినిన ఎండుగడ్డినే వేసెను, నీరు పెట్టెను, వెడలిపోయెను. నాలుగవ నాడు లోపల ఒక స్టూలు వేసికొని ప్రక్కకు తిరిగి కూర్చుండెను. దానివంక చూడలేదు. మా అమ్మాయి ద్వారా కారణ మడిగితిమి. "నా కన్నులు ముందున్నవి, దాని కన్నులు ప్రక్కలనున్నవి" అని అతడు చెప్పెను. కన్నులు ముందున్న జంతువు వేటాడునది, కన్నులు ప్రక్కలనున్నది వేటాడబడునది. సూటిగా చూచుచు ఎదురుగా నడచివచ్చుట పులి చేయు పని. గుఱ్ఱము ఇంచుమించుగా చుట్టును చూడగలదు గాని దాని నొసటికి ఎదురుగా కొంచెము మేర, తోక వెనుక కొంచెము మేర దానికి కనబడవు. ప్రేమతో నుదురు నిమురబోవు చేయి దానికి ఉన్నట్లుండి మాయమగును. ప్రేమ మనకు తెలియును, దానికి చేయి మాయమగుటయే తెలియును.

ప్రాతఃకాల అనుష్ఠానము ముగించి ప్రతిదినము మేము ఆ కంచె వద్ద కుర్చీ వేసికొని కూర్చుంటిమి. మేము చూచినది ఇది. అతడు దాని భుజము వైపు ఒక అడుగు వేయును. దాని చెవి తిరుగును, మెడ బిగియును. అతడు అచ్చటనే ఆగును. అది ఒక్క క్షణము అతనివైపు చూచినచో అతడు ఒక అడుగు వెనుకకు పోవును. ముందునకు పోవుటకంటె వెనుకకు వచ్చుటయే హెచ్చు. గంటలో ఆరడుగులు గెలుచుకొని అందు నాలుగు తిరిగి ఇచ్చివేయును. దూరమున వాహనములో పోవువారికి ఆ ముసలివానికి మతి పోయినదని తోచియుండును.

తొమ్మిదవ నాడు ఒక పొడవైన వెదురు కఱ్ఱను తెచ్చెను. మా గుండె ఝల్లుమన్నది. కొట్టుటకని అనుకొంటిమి. అతడు దాని కొనతో గుఱ్ఱపు మూపును, అనగా మెడయు వీపును కలియు చోటును, మెల్లగా గోకెను. గుఱ్ఱములు పరస్పరము పండ్లతో గోకుకొను స్థానము అదియే. అచ్చట గోకినచో వాటి గుండె వేగము తగ్గునని పరిశీలకులు కొలిచి చెప్పినారు. కఱ్ఱ దూరమునుండి తాకును, కాలితాపునకు మనుష్యుడు అందడు. దినదినమును ఆ కఱ్ఱను పొట్టిచేసి పట్టుకొనుచు, పదునేడవ నాటికి కఱ్ఱ పోయి చేయి మిగిలినది. అంతకు ముందే, పదునొకండవ ఉదయమున, మేము వెళ్లునప్పటికి ఆ గుఱ్ఱము నేలపై పడుకొని యుండెను. గుఱ్ఱము నిలిచియే కునుకు తీయగలదు. గాఢనిద్రకై పడుకొనుట భయము తగ్గినచోటనే. ఆ ముసలివాడు కంచె వెలుపలనే ఆగి, టోపీ తీసి చేత పట్టుకొని, అది తనంత తాను లేచువరకు కదలలేదు.

ఇదంతయు మెత్తదనమే యని తలపరాదు. ఒకనాడు అది వెనుకకు తిరిగి తన్నుటకు కాలెత్తినది. అతడు త్రాటి కొనను గాలిలో విసరి శబ్దము చేసి దానిని దొడ్డి చుట్టును పరుగెత్తించెను. దెబ్బ తగులలేదు. అది అలసి కాదు, ఆలోచించి, ముఖము త్రిప్పి అతనివైపు చూచిన ఆ నిమిషముననే అతడు చేయి దించి నిలిచెను. అది తల వంచినది, పెదవులు నాకుకొన్నది, దీర్ఘముగా శ్వాస విడిచినది. దయ అనగా హద్దు లేకుండుట కాదని ఆ నాడు తెలిసినది.

తరువాత తలకు మెత్తని త్రాడు కట్టుట. నోటిలో ఇనుప కళ్లెము లేదు, ఉత్త త్రాడు. ఇచ్చట మేము ఆ ముసలివానికి శిష్యులమైతిమి. త్రాటిని అతడు కొంచెము బిగించి పట్టును. గుఱ్ఱము ఎదురు లాగును. అతడు లాగడు, వదలడు. నిలుకడగా ఉండును. ఎప్పుడో ఒకప్పుడు దాని తల ఒక్క అంగుళము ఇటు వచ్చును. అదే క్షణమున త్రాటిని వదలు చేయును. "లాగుట దానికి ఏమియు నేర్పదు. వదలుటయే నేర్పును" అని అతడనెను. అది ఎదురు లాగునప్పుడు వదలితిమా, ఎదురు లాగుటయే దాని విద్య యగును. లొంగిన తరువాత రెండు నిమిషములు ఆలసించి వదలితిమా, ఎందుకు వదలితిమో దానికి తెలియదు. కావున సారథి విద్య యంతయు ఆ క్షణమును పట్టుకొనుటలో నున్నది. తన మనస్సు వేఱుచోట నున్నవానికి అది చేతకాదు.

ఎడమవైపు నేర్పినదానిని కుడివైపు మరల మొదటినుండి నేర్పెను. ఒక కంటికి తెలిసినది రెండవ కంటికి క్రొత్తయని శిక్షకులు చెప్పుదురు. కాలెత్తించుట అన్నింటికంటె ఆలస్యము. గుఱ్ఱపు ప్రాణము దాని పరుగులో నున్నది, పరుగు కాళ్లలో నున్నది. గిట్టను మనుష్యుని చేతిలో పెట్టుట అనగా పారిపోవు దారిని అప్పగించుట. ఆఱు, ఎనిమిది వారముల కొకసారి గిట్టలు చెక్కింపవలసియుండును గనుక అది తప్పదు. జీను మఱియు తరువాతి మాట. వీపు సింహము దూకు చోటు. మేము తిరిగి వచ్చునప్పటికి జీను వేయలేదు. మరుసటి సంవత్సరము యాజమాన్యపత్రము వచ్చినదనియు, అప్పటికి అతడు దానిపై సాయంకాలము పొలము చుట్టి వచ్చుచున్నాడనియు మా అమ్మాయి టెలిఫోనులో చెప్పినది.

పూర్వము ఆ దేశమున వేఱు పద్ధతి యుండెను. గుఱ్ఱమును గుంజకు కట్టి, కన్నులకు గుడ్డ కట్టి, జీను బిగించి, అది ఎగిరెగిరి చేవ చచ్చువరకు పైన కూర్చుండెడివారు. ఆ పనికి వారి భాషలో విఱుచుట అని పేరు. మా పొరుగువాడును యౌవనమున అట్లే చేసి ఒకసారి ప్రక్కటెముక విఱుగగొట్టుకొనెనట. అట్లు విఱిగిన గుఱ్ఱము నడచును. కాని భయమును మ్రింగి నడచునని, ఏదో ఒకనాడు కాగితము ముక్క ఎగిరినను ఆ భయము బయటపడునని అతడు చెప్పెను. ఇదే కొలరాడోలో 1986 నుండి చెఱసాలలోని ఖైదీల చేత అడవి గుఱ్ఱములకు శిక్షణ ఇప్పించుట జరిగినది. అరచి కొట్టి బ్రదికిన మనుష్యులు అక్కడ గొంతు తగ్గించుట నేర్వవలసి వచ్చెను. వేఱు దారి లేదు, గుఱ్ఱము ఒప్పుకొనదు.

ఇది పాశ్చాత్యులు క్రొత్తగా కనుగొనిన విద్య యని తలంపకుడు. టర్కీ దేశమున బోగజ్‌కోయ్ వద్ద త్రవ్వకములలో దొరకిన మట్టిపలకలపై కిక్కులి అను మితన్ని దేశపు అశ్వశిక్షకుని గ్రంథమున్నది. సుమారు 3,400 సంవత్సరముల నాటిది. భాష హిట్టైటు భాష. కాని గుఱ్ఱమును త్రిప్పు చుట్లకు అందు వాడిన పేర్లు ఐకవర్తన్న, పంజవర్తన్న, సత్తవర్తన్న. ఏక, పంచ, సప్త వర్తనములని మనకు చెప్పవలసిన పని లేదు. ఏ నాడు ఎంత నడిపింపవలెనో, ఎంత మేపవలెనో, ఎప్పుడు స్నానము చేయింపవలెనో అందు దినక్రమముగా వ్రాయబడినది. మన దేశమున శాలిహోత్రుని పేర అశ్వశాస్త్రము ప్రసిద్ధము. కౌటిల్యుడు అర్థశాస్త్రమున అశ్వాధ్యక్షునికి ఒక అధ్యాయమే ఇచ్చి, కాంభోజ సైంధవాది జాతులను చెప్పి, స్వభావమును బట్టి తీక్ష్ణము, భద్రము, మందము అని విభజించి, దానికి తగినట్లు పనిలో పెట్టవలెననెను. అన్నిటికిని ఒకే కొరడా అని ఆయన చెప్పలేదు. విరాటుని కొలువున నకులుడు దామగ్రంథి యను పేర గుఱ్ఱములను కాచెను. త్రాటి ముడి యని ఆ పేరునకు అర్థము.

అన్నిటికంటె నలోపాఖ్యానమును చూడుడు. ఒక్క దినములో విదర్భకు చేరవలెనని ఋతుపర్ణుడు తొందరించినప్పుడు బాహుకరూపముననున్న నలుడు శాలలోనికి పోయి బక్కచిక్కిన గుఱ్ఱములను ఏరి తెచ్చెను. రాజు సందేహించెను. రథమెక్కగానే ఆ గుఱ్ఱములు మోకాళ్లపై కూలినవి. అప్పుడు నలుడు కొరడా ఎత్తలేదు. వాటిని ఓదార్చెనని వ్యాసభగవానుడు చెప్పెను. తరువాత ఆ రథము గాలివలె పోయినది. పిమ్మట విదర్భలో నలుడు రాజునకిచ్చిన విద్యకు అశ్వహృదయము అని పేరు. అశ్వదండనము కాదు. హృదయము. ఈ కథను మేము ఎన్ని పర్యాయములు చెప్పితిమో లెక్క లేదు. ఓదార్చెను అను చోట ఆగినది మాత్రము కొలరాడోనుండి వచ్చిన తరువాతనే.

ఉపనిషత్తును కూడ మరల విప్పి చూచుకొంటిమి. దుష్టాశ్వములు అను మాట అందున్నది. కాని మంత్రము గుఱ్ఱముతో మొదలు కాలేదు. ఎవడు విజ్ఞానము లేనివాడో, ఎవని మనస్సు కుదురుగా లేదో అని సారథితో మొదలైనది. అట్టివానికి ఇంద్రియములు వశము కావు, దుష్టాశ్వములవలె ఉండును అని పిమ్మట వచ్చినది. తరువాతి మంత్రమున విజ్ఞానవంతునికి అవియే మంచి గుఱ్ఱములవలె ఉండును. గుఱ్ఱములను మార్చలేదు, చంపలేదు, విప్పి తోలివేయలేదు. మారినవాడు పగ్గము పట్టినవాడు. ఇంతకాలము మేము దుష్ట అను మాటను గట్టిగా పలికి, సారథి అను మాటను మెల్లగా పలుకుచుంటిమి. కాడికి అలవాటు చేయదగిన కోడెదూడను సంస్కృతమున దమ్యము అందురు. శమదమములలోని దమము, ఆ దమ్యము, రెండును ఒకే ధాతువునుండి పుట్టినవి. దూడను చంపి కాడి మోయింపజాలము గదా.

ఇప్పుడు ముందు విడిచిన మాట. మేము పాఠశాలలో చేరి చెప్పుచున్న తొలి సంవత్సరములలో తొమ్మిదేండ్ల బాలుడొకడు ఉండెను. మంచి కంఠము. రెండు సంతలకే వాక్యము పట్టుకొనెడివాడు. కాని ఒకానొక పన్నములో ఒకచోట అనుదాత్తము రావలసిన అక్షరమును ఎత్తి పలుకుచుండెను. దిద్దితిమి. మరల ఎత్తెను. బెత్తముతో వ్రేళ్లపై కొట్టితిమి. మా ముఖము చూచినంతనే వానికి ఆ అక్షరము ఇంకను పైకి పోవుచుండెను. స్వరదోషము పెద్ద తప్పు, దిద్దకుండుట గురువు చేయరాని పని. అందు సందేహము లేదు. కాని వాడు సరిగా పలికిన తక్కిన అక్షరములకు మేము ఒక్కనాడును పగ్గము వదలలేదు. ఒక రాత్రి వాడు లేచి ఇరువది మైళ్లు నడచి ఇంటికి పోయెను. తండ్రి తిరిగి తెచ్చెను. పిల్లలందఱి యెదుట వానిని మేము దుష్టాశ్వమని పిలిచితిమి. ఉపనిషత్తు మాటను అట్లు ఉపయోగించినందుకు ఆనాడు గర్వపడితిమి కూడ. వాడు మరల పోయెను. మరల రాలేదు.

అమెరికానుండి వచ్చిన ఆఱు మాసములకు విచారించి వాని గ్రామమునకు పోతిమి. వానికి నలువది యేండ్లు దాటినవి. చిన్న కిరాణా దుకాణము. మమ్ము చూచి లేచి సాష్టాంగపడెను. భార్యను పిలిచి కాళ్లకు నీళ్లిప్పించెను. మేము చెప్పదలచిన మాట చెప్పితిమి. తలవంచుకొని వినెను, మారు పలుకలేదు. కొంతసేపటికి, అడుగకయే, కన్నులు మూసికొని ఆ పన్నమును ఎత్తుకొనెను. ముప్పది యేండ్ల తరువాతను అక్షరము పోలేదు. మేము వానివంక చూడక గోడవైపు తిరిగి కూర్చుంటిమి. ఆ అక్షరమునకు ముందు వాక్యము వద్ద ఆగెను. "ఇంతవరకేనండి" అనెను. మేము ఏమియు అనలేదు. దుకాణమునకు ఎవరో పిల్లవాడు చక్కెరకు వచ్చెను. లేచి తూచి యిచ్చి వచ్చి మరల మా ప్రక్కన కూర్చుండెను.